ఎత్తిన బరువు

కుట్టు దుకాణం వెనక గది,
మంగళవారం

వదినకి,

ఎప్పుడూ రాసే "ప్రేమతో" ఈసారి రాయడం లేదు. నీ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ సంగతి ముందే తెలియాలి నీకు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. మిల్లు బాయిలరుకి ఏదో భాగం కొనుక్కు రమ్మని పంపారట, పనిలో పనిగా చెల్లెలు గుర్తొచ్చింది. నా మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాలిన చెంప గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు వదినా, నా దగ్గర కూడా! టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని, చివరికి "మీ వదిన నా మొహం చూడలేకపోతోందే" అన్నాడు. నేను నవ్వేశాను. "నీ మొహం పెళ్ళినాడు కూడా అంతంతమాత్రమే, అప్పుడు చూసింది కదా" అన్నాను. అన్నయ్య నవ్వలేదు.

గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే బయటపెట్టాడు. ఏడాది దాటిందట నువ్వు అబ్బాయి గదిలోకి మారిపోయి. వాడు హాస్టలుకి వెళ్ళిన మర్నాడే పరుపు అక్కడ వేసుకున్నావట. లోపల గడియ పెట్టుకుంటావట. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి జరుగుతావట. అడిగితే నడుం నొప్పి అంటావట. "ఆవిరి మొహాన కొట్టిన రోజే పోయి ఉంటే పీడా పోయేది" అన్నాడు. ఆ మాట అన్నాక లేచి వెళ్ళిపోయాడు, భోజనం కూడా చెయ్యలేదు.

మంచాన పడ్డ అన్ని నెలలూ కంటికి రెప్పలా చూసుకున్నది నువ్వే. మా అమ్మ బతికి ఉన్నా అంత చెయ్యదు అని నలుగురిలో నేనే అన్నాను. అంత చేసి, తీరా మనిషి లేచి తిరిగేసరికి మొహం చాటేస్తావా? చర్మం మాడితే మనిషి మారిపోతాడా? జవాబు రాయి. తప్పించుకునే జవాబు కాదు, అసలైనది.

నీ ఆడపడుచు
("బొంగరం" అని సంతకం పెట్టడం లేదు. అది ముద్దు పేరు, కోపంలో చెల్లదు.)


లాండ్రీ వీధి, మేడ మీద వాటా,
శనివారం

బొంగరానికి,

నువ్వు సంతకం పెట్టకపోయినా నా చేతికి ఈ పేరే వస్తుంది. నేను కాపురానికొచ్చిన వారంలో పెట్టిన పేరు, నాకు హక్కుంది.

మీ అన్నయ్య మొహంతో నాకు ఏ పేచీ లేదు. ఆ మొహానికి పూటపూటా మందు రాసింది నేను. ఏ మడత ఎక్కడుందో ఆయన కన్నా నాకే బాగా తెలుసు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. పడకగది సంగతులు ఆడపడుచుకి అప్పగించే అలవాటు నాకు లేదు, ఇప్పుడు కొత్తగా నేర్చుకోలేను.

నడుం నొప్పి మాత్రం నిజమే. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు పొడిగా ఉన్నప్పుడు పక్షి ఈకలు, తడిస్తే బండరాళ్ళు. మిషన్లోంచి లాగి బండిలోకి, బండిలోంచి ఎత్తి ఆరబెట్టే డ్రమ్ములోకి. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఇదే పని. నువ్వు బాలింతలకి కుడతావు చూడు, నడుం బెల్టు, అలాంటిది ఒకటి నాకు కుట్టి పంపు. మందపాటి గుడ్డతో, బాగా బిగించుకోవడానికి వీలుగా. కొలత వెనక రాశాను. కోపంతో కుట్టినా సరే, కుట్లు మాత్రం వదులుగా వెయ్యకు.

లాండ్రీ చిరునామాకి పంపు. ఉత్తరాలు కూడా ఇక అక్కడికే రాయి.

వదిన


కుట్టు దుకాణం,
గురువారం

వదినకి,

బెల్టు పంపుతున్నాను. డేరాలకి వాడే గుడ్డ రెండు పొరలు వేశాను, ముందు నాలుగు బకిల్స్ పెట్టాను. కోపం కుట్లలోకి రాలేదు, నా పని నేను ఎప్పుడూ పాడుచెయ్యను.

కానీ ఒక్కటి అడుగుతాను. నడుం నొప్పికి బెల్టు ఇంటికి పంపితే ఏం? నడుం నొప్పి ఉత్తరాలు మొగుడు చూస్తే ఏం? నేను అంత అమాయకురాలిని కాదు. నీకు అక్కడ ఎవరైనా ఉన్నారా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆ మాట అన్నయ్యకి కూడా తోచకుండా ఉంటుందనుకోకు.

నీ ఆడపడుచు


లాండ్రీ, బట్టలు మడతపెట్టే గది,
భోజనాల వేళ

బొంగరానికి,

ఎవరైనా ఉన్నారా అని అడిగావు. చాలాసేపు నవ్వుకున్నాను, తరవాత ఏడ్చాను. ఇస్త్రీ దగ్గర అమ్మాయి కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

ఇది చదివి చింపెయ్యి. ఫోనులో చెప్పలేను, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ అన్నయ్య జేబులో ఉంటుంది.

ఆయనకి ఒళ్ళు కాలినప్పుడు నర్సు పొద్దున ఒకసారి వచ్చి కట్టు మార్చి వెళ్ళేది. మిగతాదంతా నేనే. పక్కకి తిప్పాలి, లేపి కూర్చోబెట్టాలి, బాత్‌రూముకి తీసుకెళ్ళాలి. ఆరడుగుల మనిషి. చేతులు కాలాయి కాబట్టి దేన్నీ పట్టుకుని లేవలేరు. చంకల కింద చేతులు దూర్చి, నా పొట్టకి ఆనించుకుని ఎత్తేదాన్ని. ఒకరోజు అలా ఎత్తుతుంటే లోపల ఏదో పట్టు తప్పి కిందికి దిగినట్టు అనిపించింది. నొప్పేమీ లేదు. ఆయన్ని పడుకోబెట్టి స్నానాల గదిలోకి వెళ్ళి చూసుకుంటే చేతికి తగిలింది. మెత్తగా, చిన్న ఉల్లిపాయంత. నా లోపలి ఒళ్ళే బయటికి వస్తోంది బొంగరం.

మొదట్లో పడుకుంటే దానంతటదే లోపలికి పోయేది. ఇప్పుడు సాయంత్రానికి గుప్పెడంత అవుతోంది. నడిస్తే తొడలకి ఒరుసుకుంటుంది. మూత్రానికి వెళ్ళాలంటే వేళ్ళతో లోపలికి నెట్టుకోవాలి, లేకపోతే చుక్క రాదు. దగ్గినప్పుడు మాత్రం అడక్కుండానే వస్తుంది. ఎప్పుడూ గుడ్డలు పెట్టుకునే ఉంటాను. వాసన వస్తోందేమోనని మనుషుల పక్కన నిలబడను. గర్భసంచి జారిందని నాకు తెలుసు, లాండ్రీలో ముసలావిడకి ఉండేది, ఆవిడ దాంతోనే పోయింది, ఎవరికీ చూపించకుండానే.

ఇప్పుడు చెప్పు, గడియ పెట్టుకోక ఏం చెయ్యను? మీ అన్నయ్య చూస్తే మొదట అడిగే మాట "ఎప్పట్నుంచి?" అని. దానికి నా దగ్గర అబద్ధం లేదు. మంచాన ఉన్నన్నాళ్ళూ "నీకు బరువైపోయాను" అని గొణిగేవారు. నిజంగానే ఆ బరువు నన్నిలా చేసిందని తెలిస్తే ఆ మనిషి నిలవరు. నేను ఆయన మొహం చూడలేనని అనుకుంటే కోపం వస్తుంది, కోపంతో మనిషి బతగ్గలడు. అందుకే అనుకోనిచ్చాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన విసిగి వెళ్ళిపోకముందే, ఆయనకి తెలియకుండా, నేను బాగుపడాలి. నువ్వు చెప్పావంటే నా మీద ఒట్టే.

బెల్టు చాలా బాగుంది. కట్టుకుంటే నడుం నిలబడుతోంది, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు. ఇంకొంచెం బిగుతుగా ఇంకోటి కుట్టగలవా?

వదిన


కుట్టు దుకాణం వెనక గది,
అదే వారం

వదినా, వదినా, వదినా,

నా నోటికి పుళ్ళు పడ. ఏమేం రాశాను నీకు! ఆ రెండు ఉత్తరాలూ చింపెయ్యి, నీదీ చింపేశాను. చింపుతూ మళ్ళీ చదివాను.

ఒట్టు వేయించుకున్నావు కాబట్టి నోరు కుట్టేసుకున్నాను. నాలాంటి వాగుడుకాయకి అదెంత కష్టమో నీకు తెలుసు. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

వెళ్ళేదాకా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేను. రాత్రీ పగలూ ఆలోచించి కొత్త బెల్టు కుట్టాను. ముందు దానికన్నా రెండు అంగుళాలు తక్కువ. మధ్యలో పలచటి రేకు పట్టీలు దూర్చాను, వంగినా సడలదు. వెనక తాళ్ళు కూడా పెట్టాను, బకిల్ పెట్టాక తాళ్ళు లాగి ముడెయ్యి. ఊపిరి బిగబట్టి కట్టుకో, అప్పుడు అంతా పైకి పోయి అక్కడే ఉంటుంది. నా జన్మలో ఇంత మంచి పనితనం ఏ గుడ్డ మీదా చూపించలేదు. కట్టుకున్నప్పుడల్లా నేను పట్టుకున్నాననుకో.

బొంగరం (మళ్ళీ)


లాండ్రీ, మడతల గది,
వానపడుతున్న రోజు

బొంగరానికి,

నీ బెల్టుతోనే రోజులు నెట్టుకొస్తున్నాను. పొద్దున కడితే సాయంత్రం ఇంటికెళ్ళేదాకా విప్పను. ఇస్త్రీ అమ్మాయి కూడా ఒకటి కావాలంటోంది, వచ్చినవాళ్ళందరికీ నీ గొప్ప చెబుతున్నాను.

నడుం బాగానే ఉంది. కింద మాత్రం బాగోలేదు. ఇదివరకు పొద్దున్నపూటైనా లోపల ఉండేది, ఇప్పుడు పొద్దున్నా లేదు. వాచింది. ఒరుసుకుని పుండు పడినట్టుంది, గుడ్డకి రక్తం మరకలు. బహుశా పని ఎక్కువై ఉంటుంది. బెల్టు ఇంకో రంధ్రం బిగించాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలనే అనుకుంటాను. గుమ్మందాకా వెళ్ళి వచ్చాను కూడా. బల్ల మీద కాళ్ళు చాపి పడుకుని, ముక్కూ మొహం తెలియని మనిషికి అది చూపించడం తలుచుకుంటేనే చచ్చిపోవాలనిపించింది.

మీ అన్నయ్య ఇప్పుడు నాతో మాట్లాడటం మానేశారు. మిల్లులో రెండో షిఫ్టు కూడా అడిగి తీసుకుంటున్నారు. నిన్న వడ్డిస్తుంటే "నువ్వు అక్కడ పెట్టేసి వెళ్ళు, నేను తింటాను" అన్నారు. నేను చూడలేనని, నా కోసమే! ఆ చెంప మీద చెయ్యి వెయ్యాలని నాకు ఎంత ఉందో ఎవరికి చెప్పుకోను? వేస్తే ఆయన నన్ను దగ్గరికి తీసుకుంటారు. తీసుకుంటే తెలిసిపోతుంది. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

వదిన


కుట్టు దుకాణం,
ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాను

వదినా,

ఉత్తరం అందగానే, నిలబడ్డపళంగా, బెల్టు విప్పెయ్యి. మిగతాది తరవాత చదువు.

నువ్వు వెళ్ళడం లేదని నేనే వెళ్ళాను, ఇక్కడ ఆడవాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి. మా వదినకి ఇలా ఉందని అన్నీ చెప్పాను. నా ఘనకార్యం కూడా చూపిద్దామని ఇంకో బెల్టు సంచిలో వేసుకుని వెళ్ళాను, మెచ్చుకుంటుందని! ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఎవరు కుట్టారమ్మా ఇది?" అంది. గర్వంగా నేనే అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. దూది దిండు చేతిలోకి తీసుకుని "దీని అడుగు కుట్టు సడలిందనుకో, నడిమిన గట్టిగా పిసికితే దూది ఎటు పోతుంది?" అని అడిగింది. నేను దర్జీని వదినా. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండాల్సింది, ఎవరూ అడక్కముందే. పొట్టలో ఉన్నవాటన్నిటినీ అడుగున కండరాలు ఉయ్యాలలా పట్టి ఉంచుతాయట. కాన్పులో అవి సాగుతాయి. మన అబ్బాయి పుట్టినప్పుడే నాలుగు కిలోలు, రెండు రోజులు నొప్పులు పడ్డావు. ఆ పైన బరువులు. నడుము బిగిస్తే లోపలివి పైకి పోవు, కిందికే దిగుతాయి. బాలింతలు నాలుగు రోజులు వదులుగా కట్టుకుంటే ఫరవాలేదట, ఇంత బిగించి బరువులెత్తితే ఉన్న పట్టు కూడా పోతుందట. నువ్వు "కింద బాగోలేదు" అని రాస్తే నేను ఇంకోటి బిగుతుగా కుట్టడానికి గుడ్డ కత్తిరించి పెట్టాను. నీ రక్తం నా చేతులకి ఉంది.

ఇక వినవలసింది విను. ఇది సిగ్గుపడే జబ్బు కాదట, ఆవిడ దగ్గరికి రోజూ వస్తారట. ఉల్లిపాయంత ఉన్నప్పుడే వచ్చి ఉంటే, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామంతో ఆగేదేమోనట. లోపల రబ్బరు రింగు పెడతారట, అది జారకుండా పట్టి ఉంచుతుంది, కానీ అప్పుడప్పుడూ వెళ్ళి తీయించి శుభ్రం చేయించుకోవాలి. అదీ ఆగకపోతే ఆపరేషను. అన్నిటికన్నా ముఖ్యం, మూత్రం అలా ఆగిపోతుంటే కిడ్నీలు పాడవుతాయట, ఆలస్యం చెయ్యద్దని రెండుసార్లు చెప్పింది. "ఆవిడ భర్తని కూడా తీసుకురమ్మనండి" అంది. నేను తల వంచుకున్నాను.

ఇస్త్రీ అమ్మాయికి బెల్టు పంపను. నా దగ్గర ఉన్నవన్నీ కత్తిరించేశాను.

బొంగరం


పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

బొంగరానికి,

నీ మీద కోపం లేదు. నువ్వు పట్టుకున్నావనుకునే కట్టుకున్నాను, నువ్వూ అలా అనుకునే కుట్టావు. ఇక ఆ మాట ఎత్తకు, నాకు నిన్ను ఓదార్చే ఓపిక లేదు.

చూపించుకున్నాను. నేను భయపడినంత లేదు. డాక్టరమ్మ దుప్పటి కప్పి, ఏం చేస్తోందో ముందే చెప్పి చేసింది. దగ్గమంది, దగ్గాను, "పూర్తిగా వచ్చేసింది" అంది. మామూలుగా, గోడకి పగులు వచ్చిందన్నట్టు. మూత్రసంచి కూడా దాంతోపాటే దిగిందట. స్కానులో కిడ్నీలు ఉబ్బి ఉన్నాయి. రింగు పెట్టి చూశారు, లేచి నాలుగడుగులు వేసేసరికి కింద పడింది. ఇంకో పెద్దది పెట్టారు, అదీ నిలవలేదు. ఇక ఆపరేషనే. గర్భసంచి తీసేసి, సడలినవన్నీ పైకి లాగి కుడతారు. నీ వృత్తే అనుకో. ముందు పుండు మానాలి, అందుకని లోపలికి నెట్టి మందు గుడ్డ పెట్టి పడుకోబెట్టారు. మూత్రానికి గొట్టం వేశారు. ఇన్నాళ్ళకి వేళ్ళతో నెట్టుకోకుండా మూత్రం పోతుంటే, ఎంత హాయిగా ఉందో సిగ్గు విడిచి రాస్తున్నాను.

మీ అన్నయ్యకి నీ దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను, కొన్నాళ్ళు ఉంటానని. "సరే" అన్నారు. ఎన్నాళ్ళు అని అడగలేదు. బస్సుదాకా సంచి మోసుకొచ్చారు. బస్సు కదిలేటప్పుడు కాలిన చెంప అటువైపు తిప్పుకుని నిలబడ్డారు. దిగిపోయి చెప్పేద్దామనిపించింది. కూర్చునే ఉన్నాను, తరవాతి స్టాపులో దిగి ఈ ఆసుపత్రికి వచ్చేశాను.

ఫోను చేస్తే నేను నీ దగ్గరే ఉన్నానను. ఒట్టు మరిచిపోకు. ఆపరేషను రోజుకి నువ్వు రా, సంతకానికి మనిషి కావాలట.

వదిన


కుట్టు దుకాణం వెనక గది,
ఆపరేషను అయిన మూడో రోజు

వదినా,

ఈ ఉత్తరం కన్నా ముందే అన్నయ్య నీ దగ్గరికి రావచ్చు. వస్తే నన్ను తిట్టుకో, తనని ఏమీ అనకు.

ఆపరేషను రోజు నీ పక్కనే కూర్చుని కూడా ఒక సంగతి మింగేశాను. దానికి ముందు వారం అన్నయ్య నా దుకాణానికి వచ్చాడు. నువ్వు కళ్ళజోడు మరిచిపోయావట. అది ఇవ్వడానికి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, అంత దూరం వచ్చాడు. జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. "మీ వదిన ఏది?" అన్నాడు. బజారుకి వెళ్ళిందన్నాను. సాయంత్రందాకా కూర్చున్నాడు. వెనక గదిలో నీ బట్టలు లేవు, నీ చెప్పులు లేవు, అన్నీ చూస్తూనే ఉన్నాడు. చీకటి పడుతుంటే లేచాడు. నేను నోరు తెరవబోతే "చెప్పకు. ఎక్కడుందో నాకు తెలియక్కర్లేదు. బాగుంటే చాలు" అన్నాడు. కళ్ళజోడు మిషను మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. నీ మీద ఒట్టు కదా అని, రేపు ఆపరేషను బల్ల మీద నీకేమైనా అయితే నా వల్లేనని భయపడి ఊరుకున్నాను. చూడు నా తెలివి!

నిన్న ఫోను చేశాడు. ఎక్కడో చాలా దూరంలో కొత్త మిల్లు పెడుతున్నారట, బాయిలరుకి మనిషి కావాలంటే ఒప్పుకున్నాడట. రెండేళ్ళు. వచ్చేవారం ప్రయాణం. "తాళం పక్కవాళ్ళకి ఇస్తాను, మీ వదిన ఎప్పుడైనా వస్తే ఇల్లు తనదే అని చెప్పు" అన్నాడు. ఇక ఒట్టూ లేదు గిట్టూ లేదు. మొత్తం చెప్పేశాను, గడియ ఎందుకో, నువ్వు ఎందుకు జరిగిపోయావో, ఇప్పుడు ఏ మంచం మీద ఉన్నావో.

అంతా విన్నాడు. తరవాత, నువ్వు చెప్పావే, అదే అడిగాడు. "ఎప్పట్నుంచి?"

అది ఒక్కటీ దాచి ఉండాల్సింది. కాన్పప్పటినుంచి అంటే సరిపోయేది, అదీ నిజమే కదా. కానీ అప్పటికే ఏడుస్తున్నాను, నోటికి ఏది వస్తే అది వచ్చేసింది. "నిన్ను మంచం మీంచి ఎత్తినప్పట్నుంచి" అన్నాను. ఫోను పెట్టేశాడు.

క్షమించమని అడగను. నా నోరు కుట్టుకున్నప్పుడు విప్పాల్సింది, విప్పినప్పుడు కుట్టుకోవాల్సింది.

బొంగరం


లాండ్రీ వీధి, మేడ మీద వాటా,
చాలా వారాల తరవాత

బొంగరానికి,

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయలేదని దిగులుపడుతున్నావు. చేతకాక రాయలేదు, కోపంతో కాదు. కూర్చుని రాయనిస్తున్నారు ఇప్పుడిప్పుడే.

మీ అన్నయ్య నీ ఉత్తరం కన్నా ఒక పూట ముందే వచ్చారు. వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు కదా, ఆయాని బతిమాలి గుమ్మం దగ్గరికి నన్ను రప్పించుకున్నారు. బెంచీ మీద కూర్చున్నాం. మొహం నావైపే తిప్పి కూర్చున్నారు. ఏడాదిన్నర తరవాత దగ్గర నుంచి చూశాను. చెంప మీద మచ్చ కాస్త తెల్లబడింది, నేను మందు రాయడం మానేశాక ఆయన రాసుకోవడం లేదు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు బాధపడతారని" అన్నాను.

"ఇన్నాళ్ళూ నేను బాధపడలేదనుకున్నావా?" అన్నారు.

 కోపంతో మనిషి బతగ్గలడని నీకు గొప్పగా రాశాను గుర్తుందా? ఆయనకి ఒక్కరోజు కూడా కోపం రాలేదట. అద్దంలో చూసుకుని, నాదే న్యాయం అనుకునేవారట.

ఇంటికి తీసుకొచ్చారు. రెండు మెట్లకోసారి ఆగి, నేను ఊపిరి పీల్చుకునేదాకా నిలబడి, మేడ ఎక్కించారు. వండారు, బట్టలు ఉతికారు, నేను నీళ్ళ చెంబు ఎత్తబోతే పరిగెత్తుకొచ్చి లాక్కున్నారు. అంతా చేశారు, కానీ నా దగ్గర కూర్చోలేదు. మంచం మీంచి లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకుని, నేను నిలబడగానే వదిలేసేవారు. ఒకరోజు పిలిచి పక్కన కూర్చోమన్నాను. కూర్చున్నారు. ఆయన చెంప మీద చెయ్యి వేశాను. కళ్ళు మూసుకున్నారు, కాసేపటికి నా చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టారు. "నిన్ను చూస్తే నన్ను ఎత్తడమే కనపడుతోంది" అన్నారు. "ఎత్తినందుకు నేను బాధపడటం లేదు" అన్నాను. "నాకు అదే భరించడం కష్టంగా ఉంది" అన్నారు.

నా కోసం ప్రయాణం వాయిదా వేసుకున్నారు. కొత్త మిల్లు వాళ్ళు మళ్ళీ ఫోను చేస్తే, రానని చెప్పడానికి వీలుండింది. ఆయన చెప్పలేదు. వద్దని నేనూ అడగలేదు. అడిగితే ఆగేవారేమో. ఆగి, రోజూ నన్ను చూసి, రోజూ అదే అనుకుంటూ ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. బట్టల పెట్టె ఆయనే సర్దుకున్నారు, నేను బరువులు ఎత్తకూడదు కదా, కుర్చీలో కూర్చుని చూశాను. అబ్బాయికి ఏం చెప్పాలో కూడా ఆయనే చెప్పారు, ఉద్యోగం మీద వెళ్ళానని చెప్పమన్నారు. గుమ్మం దాటుతూ "మందులు వేళకి వేసుకో" అన్నారు.

ఇప్పటిదాకా ఒక ఉత్తరం వచ్చింది. చేరానని రాశారు. బాయిలరు కొత్తదట, పాతదానిలా మొరాయించదట. కింద చిరునామా లేదు.

లాండ్రీలో నాకు ఎత్తే పని తీసేసి మడతల దగ్గర కూర్చోబెట్టారు. ఇస్త్రీ అమ్మాయికి కూడా మొదలైందట, ఎవరికీ చెప్పద్దని నన్ను పట్టుకుని ఏడ్చింది. చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను, దాని మొగుణ్ణి కూడా కేకేసి తీసుకెళ్ళాను. వ్యాయామం చాలట దానికి.

నిన్న నా వంతు. డాక్టరమ్మ దుప్పటి కప్పి, దగ్గమంది. దగ్గాను. ఏమీ దిగలేదు. కుట్లన్నీ చక్కగా మానాయట, మూత్రం సరిగ్గా పోతోంది, కిడ్నీల ఉబ్బు తగ్గింది. చేతి తొడుగులు తీస్తూ నవ్వి, "అంతా బాగైపోయిందమ్మా. ఇక భార్యాభర్తలు కలిసి ఉండొచ్చు, ఏ అభ్యంతరమూ లేదు. ఆయనకి కూడా చెప్పండి" అంది.

చెబుతానన్నాను. దిగి, బట్టలు సరిచేసుకుని, ఇంటికి నడిచే వచ్చాను. దారిలో ఎక్కడా నొప్పి లేదు.

వదిన